కట్టుబాటు విడిచిన విద్యుచ్ఛక్తి
(పఠనమందిర సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



నియంత్రణ మను మాట చెవిని బడినంతనే మన వారు మొగము చిట్లింతురు. రేషను దుకాణము ముందటి వరుసలు, పర్మిట్టు కాగితములు, లైసెన్సు కొఱకు కచ్చేరి మెట్లు ఎక్కి దిగుటలు, సంతకమునకు ముందు చేయి చాచెడి గుమాస్తా - ఇవి యన్నియు ఆ మాటతోడనే కన్నుల యెదుట నిలుచును. కావున నియంత్రణము తొలగింతుము, పోటీ వచ్చును, ధర తగ్గును, పని చుఱుకగును అని యెవరైన చెప్పినచో చప్పట్లు చఱచుట మనకు సహజము. ఆ చప్పట్లను మేము తప్పు పట్టుట లేదు. చేయి చాచిన గుమాస్తాకు వకాల్తా పుచ్చుకొని మేము ఇచ్చటికి రాలేదు. అయితే నియంత్రణ మనునది ఒక్కటి కాదు, రెండు. ఈ సరకును ఇంత ధరకే అమ్మవలయు ననునది యొకటి. ఈ సరకు ఇంత గట్టిగా, ఇంత భద్రముగా నుండవలయు ననునది వేఱొకటి. ఈ రెండింటిని ఒక్క మూటగా గట్టి ఒక్కసారిగా గంగలో గలిపిన చోట ఏమి జరిగినదో విచారించుటయే నేటి మా ప్రసంగ విషయము.

ఇందుకు మేము ఎన్నుకొన్నది అమెరికా దేశమందలి టెక్సాసు రాష్ట్రము. దూరదేశపు కథ మన కెందు కనవలదు. డల్లాసు, హ్యూస్టను, ఆస్టిను నగరములలో తెలుగు కుటుంబములు వేలకొలదిగా కాపురమున్నవి. ఈ సభలో గూర్చున్న వారిలోనే బిడ్డలో, అన్నదమ్ముల బిడ్డలో అచ్చట నున్నవారు కొంద ఱుందురు. 2021 ఫిబ్రవరి నడిమి వారమున ఫోను కలియక తాము పడిన ఆందోళనను వారు మఱచియుండరు.

అమెరికాలో విద్యుత్తీగెల వలలు ముఖ్యముగా మూడు. తూర్పు సీమల కొకటి, పడమటి సీమల కొకటి, టెక్సాసు తనకు తానై అల్లుకొన్నది మూడవది. 1935లో ఫెడరల్ ప్రభుత్వము వారు రాష్ట్రముల పొలిమేరలు దాటి పోవు విద్యుత్తు అమ్మకమును తమ యజమాయిషీ క్రిందికి దెచ్చుకొనిరి. టెక్సాసు కంపెనీల వారు తమ తీగెలను పొలిమేర దాటనీయక ఆపుకొనిరి. పొరుగు నుండి సాయము రాకున్నను సరియే, వాషింగ్టను వారి మాట వినవలసిన పని లేకుండిన చాలు నని వారి తలంపు. ఇది మొదటి మెట్టు. 1999లో ఆ రాష్ట్ర శాసనసభ రెండవ మెట్టు ఎక్కినది. ఉత్పత్తి చేయువారు వేఱు, తీగెలు కాపాడువారు వేఱు, ఇంటింటికి అమ్మువారు వేఱని విడదీసి, 2002 జనవరి నుండి అమ్మకమును పోటీకి విడిచినది. ఏ పూట ఎవరి కరెంటు ఏ ధరకు కొనవలయునో నడిపించుటకు ఎర్కాట్ అను సంస్థ నిలిచినది.

ఈ యేర్పాటునందలి కీలకమును కొంచెము నిదానించి చూడవలసియున్నది. ఆ సంతలో ఉత్పత్తిదారునకు అమ్మిన యూనిట్టుకే పైకము. సిద్ధముగా నుండినందుకు పైకము లేదు. మంటలార్పు యంత్రము వానితో, "నీకు నెలజీతము లేదు, ఇల్లు అంటుకొన్న దినమున మాత్రము కోరినంత ఇచ్చెదము" అనుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఆ కోరినంత ఎంత? కరెంటు కొఱత పడినప్పుడు టోకు ధర మెగావాటు గంటకు, అనగా వేయి యూనిట్లకు, 9,000 డాలర్ల వఱకు పెరుగవచ్చునని నిర్ణయించిరి. సామాన్య దినములలో ఆ వేయి యూనిట్లు 20, 30 డాలర్లకే దొఱకును. ఇంత లాభము ఎదురుచూచుచుండగా ఉత్పత్తిదారుడు తన యంత్రములను ఏ చలికైనను, ఏ యెండకైనను సిద్ధము చేసికొని కూర్చుండక మానునా యని ఆ సిద్ధాంతకర్తల వాదము. కాగితము మీద ఇందు తప్పు కనబడదు.

మఱి నడచిన దేమి? పదేండ్ల కొకసారి వచ్చెడి చలికై గొట్టములకు కంబళి చుట్టుటకు, వేడి తీగెలు బిగించుటకు ఈ సంవత్సరమే రొక్కము కావలయును. ఆ చలి వచ్చునో రాదో, వచ్చినను తన కేంద్రమున్న తావునకే వచ్చునో రాదో తెలియదు. పొరుగు కంపెనీ ఆ ఖర్చు పెట్టక తక్కువ ధరకు అమ్ముచున్నప్పుడు తాను మాత్రము పెట్టిన యజమాని తెలివిలేనివాడుగా లెక్కకు వచ్చును. చలి వచ్చి యంత్రము ఆగినచో తనకు పోవునది ఆ దినపు అమ్మకము మాత్రమే. చీకటిలో వణకెడి ముసలివారి బాధ అతని జమాఖర్చుల పుస్తకమున ఏ పద్దునను ఎక్కదు. మనుష్యుడు దుష్టుడు గనుక ఇట్లు చేయునని మేము అనుట లేదు. మంచివాడైనను ఆ సంతలో ఇట్లే చేయును, చేయకున్న నిలువడు.

హెచ్చరికలు రాలేదా? వచ్చినవి. 1989 డిసెంబరులో చలికి టెక్సాసు విద్యుత్కేంద్రములు ఆగిపోయి, వంతులవారీగా కోత పెట్టవలసివచ్చినది. 2011 ఫిబ్రవరిలో మరల అదియే. ఆ సంవత్సరము ఆగస్టులో ఫెడరల్ అధికారులును, విద్యుత్తు నమ్మిక ప్రమాణములు చూచెడి సంస్థవారును కలసి పెద్ద నివేదికను ప్రకటించిరి. 1989లో చెప్పిన మాటలనే మరల చెప్పవలసివచ్చిన దనియు, యంత్రములకు చలికాపు చేయవలయు ననియు అందు స్పష్టముగా వ్రాసిరి. రాష్ట్రము వారు వినిరి. కాని సిద్ధపడితి మని కాగితము దాఖలు చేసిన చాలునన్నంతవఱకే వినిరి. ఎంత చలికి తట్టుకొనవలయునో నిర్ణయించిన కట్టుబాటు లేదు, చేయనివానికి తగిన దండనయు లేదు. చేయుట మంచిది, చేయకున్న మీ యిష్టము అనునంతటితో పదేండ్లు గడచిపోయినవి.

2021 ఫిబ్రవరి 15వ తేది అర్ధరాత్రి దాటిన తరువాత ఆ పదేండ్లకు లెక్క చెప్పవలసిన గడియ వచ్చినది. రాష్ట్రమంతట మంచు. ఇండ్లలో వేడి కొఱకు కరెంటు వాడుక మిన్నంటుచుండగా కేంద్రములు ఒకటి వెంట నొకటి ఆగుచున్నవి. ఆ దేశపు విద్యుత్తు సెకనుకు 60 పర్యాయములు ఊగును, మనది 50. వాడుక యెక్కువై ఉత్పత్తి తక్కువైనచో ఆ ఊపు తగ్గును. ఆ రాత్రి అది 59.4కు దిగువకు జారినది. అట్లు 9 నిమిషములు నిలిచినచో మిగిలిన యంత్రములును తమను దాము కాపాడుకొనుటకై విడిపోవలయు నని యేర్పాటు. ఇంక 4 నిమిషముల 37 సెకన్లు గడచియుండిన రాష్ట్రము మొత్తము చీకటి గమ్మియుండెడిది. దానిని మరల మొదటి నుండి వెలిగించుటకు వారములు పట్టియుండెడి దని పిమ్మట ఎర్కాట్ వారే ఒప్పుకొనిరి. ఆ కొద్ది నిమిషములలో నియంత్రణ గదిలోని ఉద్యోగులు ఊళ్లకు ఊళ్లు తెగగోసి వలను నిలిపిరి. ఆ ఉద్యోగులను మేము నిందింపము. వారు చేయవలసినదే చేసిరి. రమారమి 20,000 మెగావాట్ల వాడుకను కోసివేయవలసివచ్చినది. అమెరికా చరిత్రలో అంత కోత మునుపెన్నడును లేదు.

45 లక్షలకు పైగా ఇండ్లకును, అంగళ్లకును కరెంటు పోయినది. వంతులవారీ కోత యని చెప్పినను, పలుచోట్ల ఆ వంతు దినముల తరబడి తిరుగలేదు. ఆస్పత్రులును, అగ్నిమాపక స్థానములును ఉన్న తీగెలను కోయరాదు గనుక మిగిలిన తీగెల మీదనే ఆ భార మంతయు బడినది. నీటి గొట్టములు పగిలి, నీటిశుద్ధి యంత్రములు ఆగి, కోటికి పైగా జనులకు మంచినీటి ఇక్కట్లు వచ్చినవి. మంచును కరగించి వాడుకొన్న వారున్నారు. కుర్చీలు విఱిచి మంట వేసికొన్న వారున్నారు. ఇంటి కొట్టములో మోటారుకారు నడిపించి, దాని వేడికి కూర్చుండి, విషవాయువు పీల్చి మరణించిన వారున్నారు. రాష్ట్ర ఆరోగ్యశాఖ వారు తేల్చిన లెక్క ప్రకారము మృతులు 246. వారిలో సుమారు మూడింట రెండు పాళ్లమంది చలి వలననే పోయిరి. ప్రపంచమున నూనెకును, గ్యాసుకును పేరుపడిన సీమలో, ఇంటిలోపల, చలికి!

ఇది జరిగినంతనే గాలిమరల మీద నింద మోపిన రాజకీయ నాయకులు లేకపోలేదు. గాలిమరలు కొన్ని మంచుగట్టిన మాట నిజమే. కాని అంతకంటె చాల ఎక్కువ శక్తి తప్పిపోయినది సహజవాయువు కేంద్రములలో. బొగ్గు కేంద్రములును ఆగినవి. సముద్రతీరమునకు చేరువనున్న అణు కేంద్రమున ఒక సన్నని గొట్టమున నీరు గడ్డకట్టుటచే పీడనము దెలుపు సాధనము దారి తప్పి, అంత పెద్ద యంత్రము తానుగా ఆగిపోయినది. ఆ గొట్టమునకు కప్పు వేయుట కెంత ఖర్చగును? గాలిమరలైనను, ఇంతకంటె చలి సీమలలో మంచుకాపు అమర్చికొని నిక్షేపముగా తిరుగుచునే యున్నవి.

అన్నిటికంటె విచిత్రమైనది గ్యాసు సంగతి. కరెంటు కేంద్రములకు గ్యాసు కావలయును. గ్యాసును త్రోయు యంత్రములకు కరెంటు కావలయును. ఆ యంత్రములున్న తీగెలను కోయవలదని కోరుటకు ఒక దరఖాస్తు ఫారము కలదు. పెక్కు గ్యాసు కంపెనీల వారు ఆ ఫారమును పంపనేలేదు. కోత పెట్టువారికి ఆ సంగతి తెలియదు, తీగె కోసిరి, గ్యాసు ఆగినది, గ్యాసు ఆగుటచే మరికొన్ని కేంద్రములు ఆగినవి. గ్యాసుపై అధికారము గల కార్యాలయము పేరు రైల్‌రోడ్ కమిషను. 2005 నుండి దానికి రైళ్లతో నిమిత్తమే లేదు, పేరు మాత్రము నిలిచినది. కరెంటు చూచెడి కమిషను వేఱు. ఇరువురి నడుమ ఆ ఒక్క ఫారము ఎవరి బల్ల మీదికిని రాలేదు.

ఇక ధర. కొఱత దినములలో టోకు ధరను అధికారులు 9,000 డాలర్ల వద్దనే దినముల తరబడి నిలిపిరి. అంత ధర పలికినను గడ్డకట్టిన యంత్రము తిరుగదు గదా! టోకు ధరకే కరెంటు ఇత్తుమని ఆశజూపిన ఒక కంపెనీని నమ్మి చేరిన గృహస్థులకు కొద్ది దినములకే వేలకొలది డాలర్ల బిల్లులు వచ్చినవి. గ్రామీణ సహకార సంఘములకు విద్యుత్తు సరఫరా చేయుచుండిన బ్రేజోస్ సంస్థ సుమారు 200 కోట్ల డాలర్ల బిల్లును చెల్లింపజాలక 2021 మార్చి 1వ తేదిన దివాలా దరఖాస్తు పెట్టినది. ఈ అప్పులను తీర్చుటకు ఋణపత్రములు విడుదల చేయించి, ఏండ్ల తరబడి వినియోగదారుల బిల్లులలో కలిపి రాబట్టుకొనుటకు శాసనసభ చట్టములు చేసినది. పోటీ వలన తగ్గిన ధర యంతయు లెక్కగట్టునప్పుడు ఈ పద్దును గూడ ఆ ప్రక్కన వ్రాయవలసియున్నది.

ఒక సంగతి దాచుట న్యాయము కాదు. ఆ విపణి వలన మేలు ఏమియు జరుగలేదని మేము చెప్పజాలము. గాలి విద్యుత్తునందు అమెరికా రాష్ట్రములలో టెక్సాసుదే అగ్రస్థానము. కొత్త కేంద్రములు కట్టుట యచ్చట సులువు. సామాన్య దినములలో టోకు ధరయు చవుకయే. కాని అదే రాష్ట్రపు పడమటి మొనయందలి ఎల్ పాసో నగరమును చూడుడు. ఆ నగరము ఎర్కాట్ వలలో లేదు, పడమటి వలతో కూడియున్నది. అచ్చటి కంపెనీ పాతపద్ధతి ననుసరించి ఉత్పత్తియు, తీగెలును, అమ్మకమును తానే చూచుకొనుచు, ధరకు కమిషను అనుమతి పొందుచు నడచుచున్నది. 2011 చలికి అదియు దెబ్బ తిన్నది. తరువాత యంత్రములకు చలికాపు చేయించి, గ్యాసుతోను నూనెతోను రెండింటితోను నడువగల కేంద్రమును గట్టుకొన్నది. 2021లో ఆ నగరమున కొద్ది వేల ఇండ్లకు, అదియు కొద్దిసేపు, కరెంటు పోయినది. ఆ యేడు అచ్చటి చలి డల్లాసు చలియంత తీవ్రము కాదను మాటయు చెప్పవలసినదే. అయినను ఒకే దెబ్బ నుండి ఒకరు నేర్చుకొనుటకును, వేఱొకరు నేర్చుకొనకుండుటకును కారణము వేఱే వెదుకనక్కఱలేదు. ఎల్ పాసో కంపెనీకి ఆ ఖర్చును ధరలో కలుపుకొనుటకు దారి కలదు, ఎందుకు చేయలేదని అడుగువారును కలరు. ఎర్కాట్ వలలోని కంపెనీకి ఆ దారియు లేదు, అడుగువారును లేరు.

2021 జూనులో చలికాపును తప్పనిసరి చేయుచు టెక్సాసు చట్టము వచ్చినది. తనిఖీలు పెట్టిరి. తప్పినవానికి దినమునకు పది లక్షల డాలర్ల వఱకు జుల్మానా. 2022 డిసెంబరులో మరల గట్టి చలి వచ్చినప్పుడు వల నిలిచినది. పోటీ పోలేదు, విపణి పోలేదు. యంత్రము గట్టిగా నుండవలె నను కట్టుబాటు మాత్రము వచ్చినది. 1989లోనే రాగలిగిన చట్టము ఇది.

ఇంగ్లండు రైళ్ల కథ మనకు ఇంతకంటె పాతది. 1993 చట్టముతో ఆ దేశపు రైలుసంస్థను నూఱు కంపెనీల వఱకు ముక్కలు చేసిరి. పట్టాలు రైల్‌ట్రాక్ అను కంపెనీకి, బండ్లు కొందఱికి, వానిని నడుపుట మఱికొందఱికి, మరమ్మతు కంట్రాక్టర్లకు. 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డు వద్ద వేగముగా పోవుచున్న బండి క్రింద పట్టా పగిలి సుమారు 300 ముక్కలైనది. నలుగురు చనిపోయిరి. ఆ పట్టా బీటలు వారినదని ముందే తెలియును. మార్చుటకు కొత్త పట్టాను నెలల క్రిందటనే తెచ్చి ప్రక్కనే పడవైచియుండిరి! తెచ్చినవారు, వేయవలసినవారు, దారి ఇవ్వవలసినవారు వేఱువేఱు. పిమ్మట దేశమంతట ఇట్టి బీటలు ఎక్కడెక్కడ నున్నవో ఆ కంపెనీకే సరిగా తెలియక, వందలకొలది చోట్ల బండ్ల వేగము తగ్గింపవలసివచ్చినది. 2001 అక్టోబరులో రైల్‌ట్రాక్ చేతులెత్తినది. దాని స్థానమున వచ్చిన సంస్థ మరమ్మతులను కంట్రాక్టర్ల నుండి తిరిగి తన చేతిలోనికి దీసికొన్నది. అయితే ఆ కాలమున మొత్తముమీద రైలు ప్రమాదములు అంతకు ముందువలెనే తగ్గుచు వచ్చిన వని లెక్కలు దీసిన పండితులు చెప్పుచున్నారు. మేమును దానిని కాదనము. ప్రైవేటు పేరు వినగానే పట్టా పగులునని మా వాదము కాదు. పని ముక్కలైనప్పుడు బాధ్యత యెవరి ముక్కలో నున్నదో వ్రాసియుండవలయు నని మాత్రమే మా వాదము.

విమానముల సంగతి ఇందుకు సాక్ష్యము. 1978లో అమెరికా వారు విమాన టిక్కెట్ల ధరలపై, మార్గములపై నియంత్రణమును తీసివేసిరి. కాని రెక్కల మరలను, చోదకుల విశ్రాంతి గంటలను చూచెడి అధికారమును తీసివేయలేదు. టిక్కెట్టు ధర తగ్గినది, ప్రయాణికులు పెరిగిరి, ప్రమాదముల పాలు తగ్గుచునే వచ్చినది. మొదట మేము చెప్పిన రెండు కట్టుబాట్లలో ఒకదానిని విప్పి రెండవదానిని నిలిపిన ఫలమిది.

ఇక మన దేశమునకు వత్తము. కాగితముపై కట్టుబాటు వ్రాసినంత మాత్రమున వెలుగు వచ్చునని భ్రమపడరాదు. 2012 జూలై 30, 31 తేదులలో ఉత్తరదేశము చీకటిలో మునిగినది. రెండవ దినమున ఉత్తరము, తూర్పు, ఈశాన్యము మూడును కూలి, 60 కోట్ల జనులు నివసించు ప్రదేశమునకు కరెంటు పోయినది. అచ్చట నియమములు లేక కాదు. రాష్ట్రములు తమ వాటాకు మించి తోడుకొనుచుండెను. తగ్గింపుడని పైవారు పంపిన ఆదేశములను క్రిందివారు చెవిని బెట్టలేదు. ఆ దినమున మన దక్షిణాది తప్పించుకొన్నది. మన వల అప్పటికి ఉత్తరపు వలతో ఒకే ఊపున కలియలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపురము తీగెతో కలిసినది. టెక్సాసును ఒంటరితనము ముంచినది. మనలను ఆనాడు అదే కాపాడినది. కనుక ఇంత పెద్ద సంగతిని ఒక్క సూత్రముతో తేల్చెదమనువారిని నమ్మవలదు.

తెలుగునాట విద్యుత్తు మార్పులు వచ్చి పాతికేండ్లు దాటినవి. 1998 చట్టము వెంట 1999 ఫిబ్రవరి 1న విద్యుద్బోర్డు చీలినది. ఆ మఱుసటి యేడు ధరల పెంపుపై లేచిన ఆందోళనలో, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగున కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. నాటి నుండి నేటి వఱకు మన చర్చ యంతయు ధర చుట్టును తిరుగుచున్నది. యూనిట్టుకు ఎన్ని పైసలు, ఉచితము ఎవరికి, బాకీ యెవరిది. 2003 విద్యుచ్చట్టము ఉత్పత్తికి లైసెన్సు అక్కఱలేదన్నది. కాని వలతో కలియుటకు సాంకేతిక ప్రమాణములు పాటింపవలయు నన్నది, భద్రతా నియమములను, ఇన్‌స్పెక్టరును నిలిపినది, సరఫరా ప్రమాణములు తప్పినచో నష్టపరిహార మన్నది. పైన చెప్పిన రెండింటిని విడదీయుట మన చట్టమునకు తెలియును. దాని నడిగించు వారెవరు?

పల్లెకు పోయి చూడుడు. ట్రాన్స్‌ఫార్మరు మూత యూడి వ్రేలాడుచుండును. ఎర్తు తీగె తుప్పు పట్టియుండును. ఫ్యూజు పోయినచో లైన్‌మన్ వచ్చుదాక పైరు ఆగదు గనుక రైతే కఱ్ఱ పుచ్చుకొని పోయి తీగె ముక్క చుట్టును. ఆ గద్దె వద్ద ప్రాణము పోగొట్టుకొన్న రైతుల కథ వినని మండలము తెలుగునాట ఉండదు. రైతు అజాగ్రత్త యని వ్రాసిన చాలు, ఆ పద్దు ముగిసినట్లే. ఆ స్విచ్చి పని చేయుచుండెనా యను ప్రశ్నకు జవాబు ఎచ్చటను అచ్చుబడదు. ఇది ప్రభుత్వ సంస్థల చేతిలో నున్నప్పటి స్థితి. రేపు అమ్మకము పలువురి చేతికి పోయినచో ఆ గద్దె ఎవరిదో, ఆ తీగె ఎవరిదో, లైన్‌మన్ ఎవరి నౌకరో అడుగుట మఱింత కష్టమగును. అప్పగింపునకు ముందే వ్రాయించుకొనవలసిన షరతులివి.

ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను విద్యుత్తు నియంత్రణ కమిషనులు ధరల నిర్ణయమునకు ముందు బహిరంగ విచారణ జరుపుచున్నవి. ఆ నోటీసు పత్రికలలో పడును. అభ్యంతరము వ్రాయుటకు వకీలు అక్కఱలేదు, తెలుగులో ఒక కాగితము చాలును. ఈ పర్యాయము పైసల లెక్కతో పాటు మూడు ప్రశ్నలు వ్రాయవలసినదిగా మిమ్ము కోరుచున్నాము: మన డివిజనులో నిరుడు ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు ఎర్తును, స్విచ్చిని పరీక్షించిరి? కరెంటు తగిలి చనిపోయిన వారెందఱు, అందు తీగె లోపము ఎన్నింట? ఆ విచారణ చేసిన దెవరు? నోటీసు వచ్చిన దినముననే దానిని ఈ మందిరపు గోడకు అంటింపవలసినదని కార్యదర్శిగారికి మనవి. ప్రతులు వ్రాయుటకు చక్కని చేవ్రాలు గలవారు నలుగురు ఇప్పుడే తమ పేర్లు ఇచ్చినచో, సభ ముగియుటకు ముందే నమూనా కాగితము సిద్ధము చేయుదము.